ఏడు విజిళ్ళ మటన్

మూడు కిలోల మటన్‌ను మంట మీద ఉండగానే మధ్యాహ్నం దాకా ఉడకకుండా ఆపగలిగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? అదీ ఆ వంటింట్లో కాలు పెట్టకుండా, పొయ్యి ముట్టుకోకుండా, పై అంతస్తులో నిలబడి? చూడకపోతే ఇటు చూడండి. ఆ ఘనురాలిని నేనే. ఆ ఒక్క పూటలో ఒక పటేలమ్మ పరువు, ఒక మటన్ దుకాణం పేరు, మా అక్క కిరాయి ఇల్లు, మూడూ ఒకే కుక్కర్లో పడి ఆవిరైపోబోయాయి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ అయిపోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో సర్కారు నౌకరీ పరీక్షలకు తయారవుతున్నాను. తయారవడమంటే ఏమీ లేదు, చేతిలో ఎప్పుడూ ఒక జనరల్ నాలెడ్జ్ పుస్తకం, ముఖంలో ఎప్పుడూ ‘ఇది నాకు తెలుసు’ అనే ఒక చూపు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన జలపాతం ఎక్కడుందో తెలుసు, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో ఆ సామెత కూడా అబద్ధమే. పోవడానికి ముందు ఉండాలి కదా!

నేనుండేది మా ఎస్తేరక్క ఇంట్లో. నల్గొండ దగ్గర పల్లెటూరు మాది. అక్క బట్టల దుకాణంలో చీరలు చూపించే పని చేసేది. బావ టాక్సీ తోలుతూ ఊళ్ళు తిరిగేవాడు. వాళ్ళ కూతురు కీర్తన. ఏడేళ్ళ పిల్ల. చప్పుడంటే ప్రాణం.

మామూలు పిల్లలకు మిఠాయి ఎట్లాగో, కీర్తనకు చప్పుడు అట్లాగ. పొద్దున లేవగానే ఫ్రిజ్‌కు చెవి ఆనించి నిలబడేది. మిక్సీ వేస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. స్టీలు డబ్బా మూత తీసేది, పెట్టేది, మళ్ళీ తీసేది. చప్పుడు దొరకనప్పుడు తానే గంటె తీసుకుని పళ్ళెం మీద కొట్టేది. కొట్టవద్దంటే నోటితో మొదలుపెట్టేది. చర్చిలో పాటలయ్యే దాకా బంగారు బొమ్మలా కూర్చుని, పాస్టరు గారు ప్రార్థనకు కళ్ళు మూయగానే కుర్చీని ఈడ్చేది. నిశ్శబ్దం ఆ పిల్లకు ఆకలి లాంటిది, తట్టుకోలేకపోయేది.

ఈ చప్పుళ్ళకు అప్పటికే మూడు ఇళ్ళు ఖాళీ చేశాము. సైదాబాద్‌లో ఒకటి, మూసారాంబాగ్‌లో రెండు. నాలుగోది దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక మూడో గల్లీలో దొరికింది. అక్క దుకాణానికి నడిచిపోవచ్చు, పిల్ల బడి పక్క వీధిలోనే. ఈ ఇల్లు కూడా పోతే ఇక సిటీలో ఉండలేమని, పిల్లను తీసుకుని ఊరికి వెళ్ళిపోవాల్సిందేనని అక్క ఒక రాత్రి ఏడ్చింది కూడా. ఆ ఏడుపు నేను విన్నాను. ఆ సంగతి గుర్తుంచుకోండి, నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇంటి ఓనరు సత్తెమ్మ. మన్సూరాబాద్ పాత ఊరి పటేళ్ళు. పొలాలు పోయి ప్లాట్లు, ప్లాట్లు పోయి బిల్డింగులు వచ్చాయి గానీ ఆమె గొంతు మాత్రం పొలం గట్టు మీద కూలీలను పిలిచే గొంతే. కింద వాళ్ళు, పైన మేము. ఆమె మంచిదే. కాకపోతే మా నేల ఆమెకు కప్పు.

బడిలో ఒక టీచరమ్మ పుణ్యాన ఎల్బీ నగర్‌లో ఒక థెరపీ సెంటరు ఉందని తెలిసింది. అక్కకు సెలవు దొరకదు కాబట్టి పిల్లను నేను తీసుకెళ్ళాను. మెట్రోలో ఎక్కిన దగ్గర్నుంచి కీర్తనకు పండుగే. తలుపులు మూసుకునే చప్పుడును స్టేషను స్టేషనుకూ అచ్చుగుద్దినట్టు దించుతుంటే, ఎల్బీ నగర్ వచ్చేసరికి ముగ్గురు ప్రయాణికులు తలుపు మూసుకుపోతోందని తోసుకుంటూ దిగారు.

అక్కడి మేడం గారిది గుంటూరు వైపు. పిల్లతో గంటసేపు ఆడి నా వైపు తిరిగింది.

“పాపకి చెవి కొంచెం ఎక్కువ ఆకలిగా ఉంటుందండీ. ఆపితే ఇంకా ఎక్కువ చేస్తుంది. మీరే రోజూ వేళకి కొంచెం కొంచెం పెట్టేస్తే, తను వెతుక్కోదు.”

“నాకు తెలుసు మేడం” అన్నాను. ఏం తెలుసు? ఏమీ తెలియదు.

“చిన్న సీసాల్లో బియ్యం, పెసలు, చింతగింజలు వేసి ఊపి, ఏది ఏదో గుర్తుపట్టమనండి. పార్కులో నడిపించి ఐదు చప్పుళ్ళు చెప్పమనండి. మీరొక చప్పుడు చేస్తే తను అలాగే చెయ్యాలి, అదొక ఆట. ఏదైనా పది నిమిషాలేనండీ. పాప చాలంటే చాలు.”

“తెలుసు మేడం.”

“అన్నీ ఈ కాగితం మీద రాశాను. వెనక కూడా ఉంది, చదువుకోండి.”

“తెలుసు మేడం.”

కాగితం వెనక ఏముందో చూడకుండానే తెలిసిన ఏకైక మహాజ్ఞానిని నేను. దాన్ని నాలుగు మడతలు పెట్టి జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో పెట్టుకున్నాను. ఆ పుస్తకంలో పెట్టినదేదీ నా బుర్రలోకి ఎక్కిన చరిత్ర లేదు.

మర్నాడే వైద్యం మొదలుపెట్టాను. పార్కులో నడిపించమన్నారు కదా, పార్కులో ఏం చప్పుళ్ళుంటాయిలే అని దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు తీసుకెళ్ళాను, అదీ సాయంత్రం ఆరింటికి. ఆటోలు, బస్సులు, తోపుడుబండ్ల మీద మైకులో ‘ఏది తీసుకున్నా వంద’, పైన మెట్రో, పక్కన బోరింగు మిషను. ఐదు చప్పుళ్ళు చెప్పమంటే పిల్ల నలభై చెప్పింది. నలభై ఒకటోది నా అరుపు, ఆటో నా కాలి మీదికి వచ్చినప్పటిది.

సీసాల్లో చింతగింజలు వేయమన్నారు కదా. ఇంత చిన్న చప్పుడుతో ఎప్పటికి నయం కావాలి, మోతాదు పెంచితే తొందరగా తగ్గుతుంది కదా అని, బావ టూల్ డబ్బాలోని బోల్టులన్నీ స్టీలు బిందెలో పోసి మూత కట్టి హాల్లో దొర్లించమన్నాను. వెయ్యి మందిని చంపితే అర వైద్యుడంటారు. నేను ఒక్క బిందెతోనే పూర్తి వైద్యురాలినైపోయాను.

రెండో దొర్లింతకే సత్తెమ్మ మెట్లెక్కి వచ్చింది.

“ఏంది పిల్లా, పైన రైలు నడిపిస్తున్నవా?”

“థెరపీ పటేలమ్మా. డాక్టరమ్మ చెప్పింది.”

“మా స్లాబు మీద బిందె దొర్లియ్యమని చెప్పిందా?”

“మీకు సైన్సు తెల్వదు పటేలమ్మా...”

అక్క అప్పుడే గుమ్మంలోకి వచ్చి ఆ మాట విన్నది. ముఖం తెల్లబోయింది. సత్తెమ్మ నన్ను వదిలేసి అక్కతో చెప్పింది.

“ఎస్తేరూ, నీ మొకం జూసి ఊకుంటున్న. ఇంకొక్కసారి లొల్లి అయితే నెల దాటనియ్య. సామాన్ సదురుకోవాలె.”

ఆ పూటే బిందె అటక ఎక్కింది. నేను సిగ్గుపడ్డానా? లేదు. లోకం మేధావులను ఎప్పుడు అర్థం చేసుకుంది గనుక అని సరిపెట్టుకున్నాను.

ఇక అసలు గురువారం వచ్చింది. వేసవి సెలవులు. పొద్దున తొమ్మిదింటికి సత్తెమ్మ కొత్త చీర కట్టుకుని పైకి వచ్చింది. అక్క పనికి పోవడానికి చెప్పులు వేసుకుంటోంది.

“ఇయ్యాల్ల మా బిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నం. ఇబ్రహీంపట్నం కెల్లి దాని అత్తగారోళ్ళు మొదటిసారి మా ఇంటికి తిననీకి ఒస్తుండ్రు. మా వియ్యపురాలి సంగతి మీకు తెల్వదు. ఉప్పు జర తక్కువైతే ఊరంత చెప్పుకుంటది. పైకెల్లి ఒక్క చప్పుడు ఇనొచ్చినా రేపు మీ సామాన్ లారీ ఎక్కుతది. ఇగ మీ ఇష్టం.”

అక్క నా చేయి పట్టుకుంది. “సునీతా, నీకు దండం పెడ్తనే. ఇయ్యాల్ల ఒక్కనాడు పిల్లను మంచిగ చూస్కో.”

“నువ్వు ఫికర్ చెయ్యకక్కా. చీమ చిటుక్కుమన్నా నన్నడుగు” అన్నాను. నిజంగానే చీమ చిటుక్కుమనలేదు ఆ రోజు. చీమకు ఆ అవకాశం ఎక్కడిచ్చాను?

నా ఏర్పాట్లు చూడండి. మా హాలుకు సరిగ్గా కిందే వాళ్ళ చుట్టాలు కూర్చునే హాలు. కాబట్టి హాలు నిషేధం. పళ్ళేలు, గంటెలు, డబ్బాలు బీరువాలో పెట్టి తాళం. వీధి వైపు కిటికీలు బంద్. ఇంటి మొత్తానికి మెట్లకూ హాలుకూ దూరంగా ఉన్నది వంటిల్లు. కాబట్టి పిల్లను తీసుకుని వంటింట్లో కూర్చున్నాను. వంటింటి కిటికీ తెరుచుకునేది డక్ట్‌లోకి. అంటే పై నుంచి కింది దాకా అన్ని వంటిళ్ళ కిటికీలూ తెరుచుకునే సన్నటి గాలి సందు. ఆ సందులో పైన తుమ్మితే కింద చిరంజీవ అంటారు. ఈ ఒక్క సంగతి మాత్రం ఆ మేధావికి తట్టలేదు.

గోడకు స్కెచ్ పెన్నులతో నేను గీసిన టైంటేబుల్ అంటించి ఉంది. ‘పదకొండు నుంచి ఒంటిగంట: చప్పుళ్ళ అనుకరణ.’ మేడం పది నిమిషాలన్నారు. నేను రెండు గంటలు చేశాను. పరీక్షలకు చదివేవాళ్ళం, పది నిమిషాల క్లాసు అంటే మాకు అవమానం.

ఈలోగా కింద ఏం జరుగుతోందో నాకు తెలియదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను. ఒడిబియ్యం పోసేటప్పుడు ఆడవాళ్ళందరూ హాల్లో పీటల చుట్టూ ఉండాలి, మధ్యలో లేవకూడదని సత్తెమ్మ పట్టింపు. పొయ్యి మీద పెద్ద కుక్కర్లో మూడు కిలోల మటన్. అందుకని ఆ కుక్కర్‌ను వాళ్ళాయన పటేల్ సాబ్‌కు అప్పజెప్పింది.

“ఏమయ్యా, ఇన్నవా? నువ్వు లోపటికి పోకు, దేన్నీ ముట్టకు. గీ గుమ్మం బయట కూసొని విజిల్స్ లెక్కపెట్టు. ఏడు ఒచ్చినంక పోయి గ్యాస్ బంద్ చెయ్యి.”

పటేల్ సాబ్ నలభై ఏళ్ళుగా ఆమె మాట దాటని మనిషి. వంటింటికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని వేళ్ళు సిద్ధం చేసుకున్నాడు. మన ఇళ్ళలో వంట చూసి చేసేవాళ్ళు ఎంతమంది చెప్పండి? టీవీ చూస్తూ, ఫోన్లో మాట్లాడుతూ, చెవితోనే వండుతాం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్నది కట్టెల పొయ్యి నాటి మాట. ఇప్పుడు మెతుక్కు కూడా కూత మీదే నమ్మకం.

పదకొండుంబావుకు కింది కుక్కర్ మొదటి కూత కూసింది. కీర్తన కళ్ళు మెరిశాయి. కిటికీ దగ్గరకు వెళ్ళి, ఊపిరి బిగబట్టి, పెదవులు ఒక పక్కకు తిప్పి, “స్‌స్‌స్‌... ఊయ్‌య్‌య్!” అంది.

నా ఒళ్ళు పులకరించింది. అది మనిషి గొంతు కాదు, సాక్షాత్తూ కుక్కరే. ఆవిరి ముందు బుసకొట్టి, తర్వాత లేచి, చివర్లో మెల్లగా చల్లారే దాకా అన్నీ ఉన్నాయి.

“శభాష్ బిడ్డా! ఇప్పుడు నేను చేస్త, చూడు” అని నేనూ నోరు సున్నా చుట్టాను. నాది కొంచెం బలంగా వచ్చింది. కొంచెమేమిటి, పక్క బిల్డింగు మీది పావురాలు లేచిపోయాయి. పిల్లకు గెలుపు నేర్పాలంటే మనం ముందు గెలిచి చూపించాలని ఏదో మెటీరియల్లో చదివాను.

కింద పటేల్ సాబ్ రెండు, మూడు అని వేళ్ళు ముడుస్తున్నాడు. కుక్కర్ ఒకటి కూస్తే మేము తలా ఒకటి అందుకున్నాము. ఆఖర్న నేను ఒకటి ఎక్కువే కూశాను. పది నిమిషాల్లో ఏడు నిండాయి. ఆయన లేచి పోయి గ్యాస్ బంద్ చేసి, “ఇయ్యాల్ల మంట మస్తుంది” అనుకుంటూ వచ్చి కూర్చున్నాడట.

కాసేపటికి డక్ట్‌లోంచి సత్తెమ్మ గొంతు పైకి వచ్చింది.

“ఏందయ్యా గిది? ముక్క రాయి లెక్కున్నది! ఏడు అయినయా నిజంగ?”

“ఏడే. వేళ్ళ మీద లెక్కపెట్టిన.”

“మళ్ళ పెడ్తున్న. మళ్ళ ఏడు లెక్కపెట్టు. అయ్యో, వాళ్ళు ఆకలికుండ్రి!”

నేను కీర్తనతో ఏమన్నానో తెలుసా? “చూసినవా, కొంతమందికి వంట గూడ సక్కగ రాదు” అన్నాను. నిజం. ఈ నోటితోనే అన్నాను.

రెండో విడత మొదలైంది. కుక్కర్ ఒక్క కూత కూసింది. కీర్తన ఒకటి కూసి, కిటికీ దిగేసింది.

“చాలు చిన్నమ్మా.”

“చాలు ఏంది? టైంటేబుల్ ప్రకారం ఇంక గంటున్నది.”

“నాకు చాలు. చెవి నిండింది.”

పాప చాలంటే చాలు అని మేడం చెప్పిన మాట నాకు గుర్తు రావాలా వద్దా? రాలేదు. పిల్ల నేల మీద కూర్చుని బొమ్మ గీసుకుంటుంటే, నేను ఒక్కదాన్నే కిటికీ ఊచలు పట్టుకుని వరసగా ఐదు కూతలు కూశాను. ప్రతి కూతకూ వెనక్కి తిరిగి, “ఇది ఎట్లున్నది? ఇప్పుడు ఎట్లున్నది?” అని అడిగాను. పిల్ల తల ఎత్తలేదు.

కింద మళ్ళీ ఏడు నిండాయి. మళ్ళీ గ్యాస్ బంద్. మళ్ళీ మూత తీశారు. ఈసారి సత్తెమ్మ గొంతులో ఏడుపు కూడా కలిసింది.

“ముసలి మేకను కోసిండు వాడు! గింత మందిల నా ఇజ్జత్ తీసిండు! ఏమయ్యా, పోయి ఆ మహబూబ్ భాయ్‌ని తోల్కరా, వాని మొకం మీదనే అడుగుత!”

నాకు జాలేసింది. జాలేసి ఊరుకోవచ్చు కదా? కిటికీలోంచి తల పెట్టి సలహా పారేశాను.

“పటేలమ్మా! పచ్చి బొప్పాయి ముక్కలేసి పెట్టుండ్రి. ఎంత ముదురు మాంసమైనా ఉడుకుతది. జనరల్ నాలెడ్జ్!”

“మంచిగ చెప్పినవ్ బిడ్డా. దేవుని లెక్క చెప్పినవ్” అంది కింది నుంచి. వెనక పెరట్లో బొప్పాయి చెట్టు ఉంది. ఒక కాయ మొత్తం కోసి వేసిందట, అంత కోపంలో ముక్కలెన్నో ఎవరు చూసుకుంటారు?

పావుగంటలో మటన్ దుకాణం మహబూబ్ భాయ్ వచ్చాడు. డక్ట్‌లో ఆయన గొంతు మోగింది.

“అమ్మా, మా అబ్బాజాన్ కాలం నుంచి దుకాణం నడుపుతున్నం. నా మాల్ మీద ఎన్నడు గిట్ల మాట రాలే. లేత పోతు అది. నా ముంగట పెట్టుండ్రి పొయ్యి మీద. నేను నిలబడి చూస్త. ఉడుకకపోతే దుకాణం బంద్ చేస్కుంట, ఖసమ్‌సే!”

మూడోసారి కుక్కర్ ఎక్కింది. అందరూ బయట కూర్చుని కూతలు లెక్కపెడుతుంటే, ఆ రోజు మొత్తంలో కుక్కర్ వైపు కళ్ళు పెట్టి చూసిన మొదటి మనిషి మహబూబ్ భాయ్. కుక్కర్ ఇంకా వేడి కూడా ఎక్కలేదు. అదే క్షణంలో పైన నేను, పిల్లను మళ్ళీ ఆటలోకి లాగుదామని, ఆ రోజుకే గొప్ప కూత కూశాను.

కింది నుంచి మహబూబ్ భాయ్ గొంతు వచ్చింది, మెల్లగా.

“పటేల్ సాబ్... కూత ఒచ్చింది గని, కుక్కర్ మీది విజిల్ లేవలే.”

“అదెట్ల?”

“నేను చూస్తనే ఉన్న. అది కదల్లే. కూత పైకెల్లి ఒచ్చింది.”

ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. రాయిలాంటి ముక్కలు, ఏడు విజిళ్ళు, సత్తెమ్మ ఏడుపు, అక్క కళ్ళు, లారీ, సామాన్లు. మెట్ల మీద అడుగులు వినిపించాయి, ఒక జత కాదు, మూడు జతలు.

తలుపు తీశాను. సత్తెమ్మ, వెనక పటేల్ సాబ్, ఆ వెనక చేతులు కట్టుకుని మహబూబ్ భాయ్.

ఆమె నోరు తెరవక ముందే నేను అందుకున్నాను. “మేం కాదు పటేలమ్మా! విజిల్ మేం ఎయ్యలే! పక్క బిల్డింగోళ్ళేమో!”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాము. ఇక్కడ ఎవరూ ఇంకా గుమ్మడికాయ అననే లేదు.

“విజిల్ సంగతి నేను అడగనే లేదు గద” అంది సత్తెమ్మ.

ఇక్కడ నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పక్కన నిలబడ్డ ఏడేళ్ళ పిల్ల భుజం మీద చేయి వేసి, “చిన్నపిల్ల పటేలమ్మా. దానికి చప్పుళ్ళ బీమారి ఉన్నది గద. ఏం తెల్వక చేసింది. మాఫ్ చెయ్యండ్రి” అన్నాను.

కీర్తన నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, లెక్క తప్పిన పిల్లను టీచరు చూసినట్టు చూసింది. తర్వాత సత్తెమ్మ వైపు తిరిగింది.

“పటేలమ్మా, మొదటి కూత మీ కుక్కర్‌ది. గిట్ల.” అని అచ్చంగా కింది కుక్కర్ కూత కూసి చూపించింది. “రెండోది నాది. మూడోది చిన్నమ్మది. చిన్నమ్మది గిట్లుంటది, ఆఖర్ల తుంపర్లు పడ్తయ్.” అది కూడా చేసి చూపించింది, తుంపర్లతో సహా. మహబూబ్ భాయ్ అటు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

ఆ పిల్ల వదలలేదు. పొద్దుట్నుంచి వచ్చిన ప్రతి కూతనూ వరస తప్పకుండా కూసి, ఎవరిది ఏదో చెప్పింది. కోర్టులో కూడా అంత నికరంగా సాక్ష్యం చెప్పరు.

“మీ కుక్కర్ మూడు. నేను మూడు. చిన్నమ్మ ఎనిమిది.”

పటేల్ సాబ్ వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. “మొత్తం పద్నాలుగు. నేను లెక్కపెట్టింది గూడ పద్నాలుగే. సరిపోయింది” అన్నాడు, పెద్ద బరువు దిగినట్టు.

“ఇప్పుడు ఒచ్చింది గూడ చిన్నమ్మదే” అని కీర్తన ముగించింది.

సత్తెమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. కీర్తన చేయి పట్టుకుని, “నువ్వు రా బిడ్డా” అని కిందికి తీసుకుపోయింది. కుక్కర్ ముందు పీట వేసి కూర్చోబెట్టింది. ఆ పిల్లకు ఇంకేం కావాలి? చెవులు రిక్కించి, కదలకుండా, ఒక్కొక్క నిజమైన కూతనూ వేళ్ళ మీద లెక్కపెట్టి, ఏడోది చల్లారాక, “ఇగ బంద్ చెయ్యండ్రి” అంది. మహబూబ్ భాయ్ గ్యాస్ బంద్ చేశాడు.

మూత తీస్తే ముక్క లేదు.

అప్పటికే సగం ఉడికిన మాంసం, దాని మీద ఒక బొప్పాయికాయ మొత్తం, ఆ పైన అసలైన ఏడు విజిళ్ళు. ఎముకలు వేరు, గుజ్జు వేరు. గంటె పెడితే జావలా కారింది. నా జనరల్ నాలెడ్జ్ బాగానే పనిచేసింది, పాపం. సత్తెమ్మ తల పట్టుకుని కూలబడింది. హాల్లో వియ్యపురాలు రెండోసారి నీళ్ళు తాగి, మూడోసారి గడియారం చూసింది. ఇక దాచేదేముంది? ఎముకలు ఏరేసి, నెయ్యి పోసి, బగారన్నం పక్కన ఆ గుజ్జునే వడ్డించారు.

వియ్యపురాలు ఒక ముద్ద పెట్టుకుంది. నమిలింది. నమలడానికి ఏమీ లేదు కాబట్టి మింగింది.

“ఒదినా, మటన్ అంటిరి గద. హలీం చేసిండ్రా? అయ్యో, మా కోసం గింత కష్టపడ్డరా! పొద్దుట్నుంచి గంటె తిప్పితే గద గిట్ల ఒచ్చేది!”

సత్తెమ్మ మహబూబ్ భాయ్ వైపు చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి గంభీరంగా తల ఊపాడు. “అవునమ్మా. స్పెషల్.”

రెండోసారి అడిగి వేయించుకున్నారట అందరూ. నేను చూడలేదు. నేను పైన బాత్రూంలో గొళ్ళెం వేసుకుని, ఊరికి వెళ్ళే బస్సుల వేళలు గుర్తు చేసుకుంటున్నాను.

సాయంత్రం అక్క వచ్చేసరికి సత్తెమ్మ మా హాల్లో కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు గిన్నె, పక్కన కీర్తన. అక్క ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో సంచీ జారిపోయింది.

“పటేలమ్మా, లారీ... జర నాల్గు రోజులు టైమియ్యండ్రి.”

“లారీ ఎందుకే పిచ్చిదానా? ఇదో, కూర తెచ్చిన. తిను. నీ బిడ్డ మంచిగున్నదే. దాని చెవులు బంగారం. ఇగ నుంచి మా ఇంట్ల కుక్కర్ పెడితే దాన్నే పిలుచుకుంట. మీరు ఏడికి పోవద్దు.”

అక్క ఏడ్చేసింది. ఈసారి ఏడుపు వేరే రకం. నేను తలుపు పక్క నుంచి మెల్లగా బయటపడి, ఇక అంతా సుఖాంతమే కదా అని గొంతు సవరించుకున్నాను. “చూసినవా అక్కా, నేను చెప్పలే? థెరపీ పనిచేస్తది అని...”

సత్తెమ్మ నా వైపు వేలు చూపించింది.

“ఎస్తేరూ, ఆ ఎల్బీ నగర్ డాక్టరమ్మ తానికి ఇగ పిల్లను కాదు, దీన్ని తోల్కపో. పిల్ల మూడు కూసి చాలన్నది. ఇది తొమ్మిది కూసినా దీని చెవి నిండలే.”

అక్క జనరల్ నాలెడ్జ్ పుస్తకంలోంచి ఆ కాగితం తీసి, మడతలు విప్పి, వెనక్కి తిప్పింది. వెనక ఒకే ఒక్క వాక్యం ఉంది, కింద రెండు గీతలతో. ‘ఇంట్లో వాళ్ళు పని కోసం వినే చప్పుళ్ళు, అంటే కాలింగ్ బెల్, హారన్, కుక్కర్ విజిల్, ఈ ఆటలో వాడవద్దు.’ అక్క దాన్ని బయటికి చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి సత్తెమ్మ చదివించుకుంది.

కాబట్టి చదువరులారా, పొయ్యి మీద చేయి పెట్టి, అది ఆరిపోయిందని చూసుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. ప్రతి కాగితానికీ వెనక ఒక వైపు ఉంటుందని ఈ జన్మలో మరచిపోను. పిల్ల చాలంటే చాలంటాను. నా తప్పుకు ఏడేళ్ళ భుజం అరువడగను. ఎవరి మాంసానికీ బొప్పాయి సలహా ఇవ్వను. అన్నిటికీ మించి, నడుస్తున్న కుక్కర్‌కు నూరు అడుగుల లోపల నా పెదవులను సున్నా చుట్టను.

ఏళ్ళు గడిచినా ఈ ప్రమాణాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. ఇప్పటికీ కుక్కర్ కూస్తే వంటింటి వైపు ఎవరూ చూడరు. ముందు నా నోటి వైపు చూస్తారు. మూసి ఉందని తేలాకే ‘ఒకటి’ అంటారు.